అమెరికా పడిపోయిందని మాకు సదివి చెప్పిన మనిషి

ముందే ఒక మాట చెప్పుకుంటా. నాకు రాయడం సరిగ్గా రాదు. అయిదో తరగతి దాకా పోయినా, అది కూడా పూర్తిగా కాదు. శెనక్కాయలు పీకే కాలం వచ్చేసరికి బడి మాన్పించి చేనికి తోలిరి. దీర్ఘం యాడ పెట్టల్ల, ఒత్తు యాడ పెట్టల్ల అని ఇప్పటికీ తడుముకుంటా. నాలుగు వరసలు రాసి రెండు కొట్టేస్తాండా. తప్పులు శానా ఉంటాయి, కోపగించుకోవద్దండి. పేర్లు మాత్రం ఎవురివీ రాయను. అందరూ బతికుండారు, నేనూ వాళ్ల మధ్యలోనే బతకల్ల.

నేను రాయాలనుకొన్నది అమెరికా గురించి. నవ్వొద్దండి. నేను అమెరికా చూడలే. తిరపతి దాటి పోయింది కూడా రెండుసార్లే. ఐనా అమెరికా పడిపోతాండాదా లేదా అనే మాట మింద నా పని పోయె, నా మాటకుండే విలవ పోయె. అందుకే రాస్తాండా.

మాది వేంపల్లె పక్క పల్లె. మెట్ట నేల. వానను నమ్ముకొని శెనక్కాయ వేసేది, వాన రాకపోతే గమ్మున కూర్చొనేది. ఉన్న ఒక్క బోరూ ఎండిపోయినాక నేనూ మా ఇంటాయనా మంగంపేటకు వచ్చేస్తిమి. ఆడ ముగ్గురాయి గనులు ఉండాయి. గని నుంచి టిప్పర్లలో రాయి వస్తాది. చుట్టుపక్కల మిల్లుల్లో దాన్ని పొడి కొట్టి, సంచులకెత్తి, లారీల్లో సముద్రం కాడికి పంపిస్తారు. మా ఇంటాయన అరిటి తోటల్లో కూలికి పోయె. నేను ఒక మిల్లులో రాయి ఏరే పనికి కుదిరినా.

రాయి ఏరేదంటే ఏందో చెప్తా. టిప్పరు కుమ్మరిచ్చిన కుప్పలో మంచి రాయీ ఉంటాది, పనికిరాని రాయీ ఉంటాది. దుమ్ము కప్పుకొని అన్నీ ఒకే రంగుగా కనపడతాయి. కంటితో చూసి ఏరితే మోసపోతావు. చేతిలోకి తీసుకొని కొంచెం ఎగరేసి పట్టుకోవల్ల. మంచి ముగ్గురాయైతే అరచేతిలో దబ్బుమని పడతాది. చూసేదానికి ఇంతే ఉంటాది, బరువు మాత్రం దానికి రెండింతలు. ఉత్త రాయైతే తేలిగ్గా పడతాది. తొలి వారం నా అరచెయ్యి వాచిపోయి సంగటి ముద్ద కూడా పట్టుకోలేకపోయినా. నెల తిరిగేసరికి పక్కామెతో మాట్లాడతానే, చూడకండానే, ఏది మంచిదో ఏది కాదో చెయ్యే చెప్తాండె.

పన్నెండు మంది ఆడోళ్లం ఉంటిమి. మాలో పెద్దామెను అందరం పెద్దమ్మా అంటాంటిమి. మిల్లు పెట్టిన కాడి నుంచి ఆయమ్మ ఆడ్నే ఉండాది. ఆయమ్మ రాయిని ఎగరెయ్యను కూడా ఎగరెయ్యదు. కాలితో ఒక తోపు తోసి చెప్తాది, మంచిదా కాదా అని. ఒక్కసారి కూడా తప్పు పోలే.

ఈ పొడి యాడికి పోతాదో శానా రోజులు నాకు తెల్దు. పేరే ముగ్గురాయి గదా, ముగ్గులకే పోతాదనుకుంటి. ఇంత ముగ్గు పెట్టేది ఏ ఊరోళ్లబ్బా, వాళ్లకు వేరే పని లేదా అని ఒకరోజు నేనంటే, అందరూ రాళ్లు కింద పడేసి నవ్విరి. అసలు సంగతి చెప్పింది మా మిల్లు గుమాస్తా.

ఆ గుమాస్తా గురించి చెప్పల్ల. మా పక్కోడే. వేంపల్లెకు అవతల ఊరు. నాకన్నా పదేండ్లు చిన్నోడు, డిగ్రీ సదివినాడు. తొలిరోజు నా మాట వింటానే తలెత్తి చూసి, అక్కా నువ్వు మా పక్క మనిషివే అన్నాడు. ఆ పొద్దు నుంచి నన్ను అక్కా అనే పిలిచె. ఊరిడిచి వచ్చినాక మన పక్క మాట వినపడితే మనసు ఎట్లుంటాదో మీకు తెలిసే ఉంటాది. నా తమ్ముడే ఆడ ఉన్నట్ల ఉండె నాకు.

మధ్యాన్నం బువ్వ తిన్నాక రేకుల షెడ్డు కింద కూర్చుంటాంటిమి. ఓనరు సదివి పక్కన పెట్టిన పేపరు తెచ్చి ఆయప్ప మాకు సదివి చెప్తాండె. సినిమా సంగతులు, యాక్సిడెంట్లు అయిపోయినాక మేమే అడిగేది, దేశాల సంగతి చెప్పప్పా అని. ఆయప్ప నేల మింద రాళ్లు పేర్చి చూపిస్తాండె. అన్నిటికన్నా పెద్ద రాయి అమెరికా. దానికి అవతల చైనా. గల్ఫు దేశాలు చిన్న చిన్న రాళ్లు. మన దేశానికి ఒక మోస్తరు రాయి పెడితే, ఇంత చిన్నదా అని మేం గొడవ పెట్టుకొని పెద్దది మార్పిస్తిమి. ఒకరోజు పెద్దమ్మ చూసుకోకండా అమెరికా మింద క్యారియరు పెట్టె.

"పెద్దమ్మా, అమెరికా మింద పులుసు కారతాండాది" అన్నాడు ఆయప్ప.

"కారనీలేప్పా. వాళ్లూ మన పులుసు రుచి చూడనీ" అనె ఆయమ్మ.

ఆయప్ప చెప్పిందేందంటే, అమెరికాలో నేలలో నుంచి నూనె తీసేదానికి మైళ్ల లోతు బోర్లు వేస్తారంట. వేసేటప్పుడు లోపలి గ్యాసు, నూనె ఒక్కసారిగా పైకి ఎగజిమ్మకండా, మన రాతి పొడిని బురదలో కలిపి లోపలికి పంపిస్తారంట. ఆ బరువు లోపలిదాన్ని అదిమి పెడతాదంట. అది విన్న రోజు నేను ఇంటికి పోయి మా ఇంటాయనకు చెప్పినా. మా పల్లెలో ఉన్న బోరు ఎండిపోయినాక ఇంగో మూడు వేస్తే నీళ్లే పడలే, నేను ఏరిన రాయి అమెరికా బోర్లలో పోతాండాది చూడు అని. నాకు గొప్పగా ఉండె. అబద్ధం ఏంటికి చెప్పల్ల, శానా గొప్పగా ఉండె.

అప్పటి నుంచి మాకు ఒక అలవాటు పడె. పొద్దున మిల్లులోకి వస్తానే మొదట కుప్ప తట్టు చూసేది. కుప్ప కరిగితే అమెరికా బాగుండాదని, కుప్ప పెరిగితే ఆ దేశానికి ఏదో వచ్చిందని. కరోనా వచ్చినప్పుడు అట్లనే అయ్యె. లారీలు ఆగిపోయి కుప్ప రేకుల ఎత్తుకు లేచె. నెలల తరబడి మాకు పని లేకపోయె. మళ్లా కుప్ప దిగినాకనే మమ్మల్ని పిలిచిరి. దాంతో ఆ నమ్మకం ఇంగా గట్టిపడె. లోకం ఎట్లుండాదో తెలుసుకొనేదానికి పేపరు కూడా అక్కర్లేదు, మా కుప్ప చాలు అనుకుంటిమి. మా మిల్లులో ఏరే ఆడోళ్లు తప్ప ఇంగెవురూ ఇట్లాంటి తప్పు చెయ్యరు.

పోయినేడాది ఎండాకాలం ముందు నుంచి ఆయప్ప సదివేది మారె. సినిమాలు లేవు, యాక్సిడెంట్లు లేవు. రోజూ అమెరికా సంగతే. అమెరికా బలం తగ్గతాండాదంట, ఇంతకు ముందు మాదిరి దాని మాట వినేవాళ్లు లేరంట, దాని డాలరును పక్కన పెట్టల్లని వేరే దేశాలు కూడబలుక్కుంటాండాయంట, సామాన్లన్నీ చైనాలోనే తయారవుతాండాయంట. సదివినాక పెద్ద రాయిని కాలితో కొంచెం వెనక్కి తోస్తాండె. ఒక వారంలో అమెరికా షెడ్డు గుంజ కాడికి పోయె. మేం నవ్వుకుంటిమి. పడిపోతే పడిపోనీలే, మన మింద పడకుంటే చాలు అని పెద్దమ్మ అనె. ఆయప్ప నవ్వలే.

"మన మిందే పడతాది పెద్దమ్మా. వాళ్లు బోర్లు వెయ్యకపోతే మన రాయి ఎవురికి?"

ఆ మాటకు మేం కుప్ప తట్టు చూస్తిమి. నిజంగానే కుప్ప పెరుగుతాండె. టిప్పర్లు వచ్చి కుమ్మరిస్తాండాయి, పొడి లారీలు మాత్రం మా గేటు దాటి పోయేది తక్కువయ్యె. వారంలో నాలుగు రోజులే పని అనిరి, తర్వాత మూడే. మాకు ఇంగ అనుమానం ఏముంటాది? పేపరూ అదే చెప్పె, కుప్పా అదే చెప్పె, మా తమ్మునట్లాంటోడూ అదే చెప్పె.

ఒకరోజు మధ్యాన్నం ఆయప్ప పేపరు తేలే. పన్నెండు కాయితాలు, ఒక ఇంకు డబ్బీ తెచ్చె. కూర్చోబెట్టి మెల్లిగా చెప్పె. మిల్లు మూసేస్తాండారంట. వేరే మిల్లుల్లో ఐతే నోటి మాటతో పొమ్మంటారంట, మన ఓనరు మంచోడు కాబట్టి కాయితం రాసిస్తాండాడంట. అమెరికా మళ్లా లేస్తానే మొదట పిలిచేది ఈ పన్నెండు మందినేనంట, ఆ మాటే దీంట్లో రాసిండాదంట. పని చేసిన దినాలకు ఇయ్యాల్సింది ఇచ్చేసిరి, దాంట్లో ఏం తక్కువ చెయ్యలే. ఆ కాయితం మింద వేలిముద్ర వేస్తే సరిపోతాదనె.

ఎవురూ ముందుకు రాలే. పెద్దమ్మ నా తట్టు తిరిగె.

"ఏమ్మే, నువ్వు సదువుకొన్నదానివి. చూసి చెప్పు."

ఆ పన్నెండు మందిలో బడికి పోయింది నేనొక్కదాన్నే. ఆ సంగతి నేనే పదిసార్లు చెప్పుకొనింటా. కాయితం తీసుకుంటి. ఆయప్ప నవ్వుతా నిలబడుకోనుండాడు. "అక్క చూసిందంటే ఇంగ మీకు భయం లేదు" అన్నాడు.

నేను సదవల్లంటే వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోవల్ల. మా ఇంట్లో ఐతే పరవాలేదు. డిగ్రీ సదివిన మనిషి ముందర, నన్ను పెద్ద సదువరి అనుకొనే పదకొండు మంది ముందర, వేలు పెట్టి గొణుక్కుంటా సదవాలంటే సిగ్గేసె. మొదటి వరస ఎట్లో సదివినా. రెండో వరసలో ఒక మాట కాడ నిలబడిపోయినా, ఒత్తు మింద ఒత్తు, నోరు తిరగలే. అప్పుడు వేలు తీసేసి, కండ్లు కిందికి జార్చుకుంటా పోయి, అడుగున ఆపినా. పెద్ద సదువులోళ్లు ఎట్ల చూస్తారో అట్ల.

"సరిగ్గానే ఉండాది పెద్దమ్మా" అన్నా.

పదకొండు మంది వేలిముద్రలు వేసిరి. నేను సంతకం పెట్టినా. నా సంతకం చూసి ఒకామె, ఎంత బాగా రాసినావే అనె. తలా ఒక జిరాక్సు ఇచ్చిరి. ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టినా. మళ్లా తీసి చూడలే. చూడొచ్చు గదా, ఇంట్లో ఎవురూ లేరు, వేలు పెట్టి ఎంతసేపైనా సదువుకోవచ్చు గదా అని మీరు అనొచ్చు. చూస్తే ఏముంటాదో అని లోపల భయం ఉండె. అందుకే చూడలే.

పని లేక మూడు నెలలు తోటల్లో బొప్పాయి కోతకు పోతిమి. అది రోజూ ఉండేది కాదు. ఆ తర్వాత లారీలు నిలబడే రోడ్డు పక్కన ఒకాయన హోటలు పెడితే ఆడ బొరుగుల ఉగ్గాని, బజ్జీ చేసే పనికి కుదిరినా. పొద్దున అయిదు నుంచి పదకొండు దాకా. డ్రైవర్లు, క్లీనర్లు, తోటలోళ్లు వస్తారు. ఆడ కూడా పేపరు వస్తాది. ఆడ కూడా అమెరికా మాటే. ఒకాయన అమెరికా పని అయిపోయిందంటాడు. ఇంగొకాయన నువ్వు చెప్పినంత తొందరగా పడిపోయేది కాదు అది అంటాడు. ఉగ్గాని సల్లారిపోయేదాకా వాదులాడతారు.

నేను నూనె కాడ నిలబడి వింటా మా పల్లె గురించి తలుచుకుంటాంటి. మా పల్లెలో ఒక పెద్ద ఇల్లు ఉండె. ఆ ఇంటాయన మాట దాటి ఎవురూ బాయి నీళ్లు కూడా తిప్పుకోరు. నా చిన్నప్పుడే ఆయన భూమి సగం అమ్ముడుపోయిండె. ఎద్దులు పోయె, జీపు పోయె. ఐనా ఆయన వీధిలో వస్తాంటే మా నాయన కూర్చున్నోడు లేచి నిలబడేది. నేను అడిగినా ఒకసారి, ఆయన కాడ ఇంగ ఏముండాదని లేస్తాండావు నాయనా అని. అలవాటమ్మా అనె. పెద్దోడు ఒక్కరోజులో పడిపోడు. వాని ఇల్లు పడిపోయినా మనం లేచి నిలబడేది ఆగదు, అది ఆగేదానికి ఇంగో తరం పడతాది. దేశాలు కూడా అట్లనే ఉంటాయేమో. నాకు తెల్దు. నాకు తెలిసింది అంతవరకే.

ఒకరోజు కొత్త డ్రైవరు ఒకాయన వచ్చె. తెల్లగా దుమ్ము పట్టిన లారీ. చెయ్యి కడుక్కుంటాంటే ఆ నీళ్లు తెల్లగా పోయె. ఆ దుమ్ము నాకు తెలీకండా ఉంటాదా? ముగ్గురాయి పొడి యాడ ఎత్తుకొన్నావప్పా, మిల్లులు నడవడం లేదు గదా అని అడిగినా. ఆయన నన్ను ఎగాదిగా చూసె.

"ఎవురు చెప్పినారక్కా నడవడం లేదని? నాకు పెండ్లికి పోను కూడా రెండు రోజులు సెలవు దొరకడం లేదు."

ఏ మిల్లు అంటే చెప్పె. మా ఓనరుదే. పాత మిల్లు కాదు, దానికి రెండు మైళ్లు అవతల అదే ఓనరు ఇంగో జాగా తీసుకొన్నాడంట. రాయిని జల్లించి కడిగి వేరు చేసే మిషను పెట్టినారంట. జాగా తీసుకొని ఏడాది పైనే అయ్యిందంట, మిషను నడిచేది మాత్రం పాత మిల్లు మూసినాకనేనంట. పొడి యాడికి పోతాదని అడిగినా. రేవుకక్కా, ఆణ్నుంచి ఎప్పుడూ పోయే దేశాలకే, అమెరికాకు కూడా పోతాది అనె. ఏంటికక్కా అట్ల చూస్తాండావు అని కూడా అడిగె. బజ్జీ మాడిపోయిందని చెప్పినా.

ఆ మరుసటి రోజు పని అయిపోయినాక నడుచుకుంటా పోయి చూసినా. కంచె బయట నిలబడితే అంతా కనపడతాండాది. మిషను మింద రాయి ఒక పక్క పోతాది, రెండు పక్కలుగా పడతాది. దాని కాడ ఇద్దరు మగోళ్లు ఉండారు, వాళ్లది మన భాష కాదు. మా పాత మిల్లులో కుప్ప ఏంటికి పెరిగిందో అప్పుడు అర్థమయ్యె. అమెరికా కొనక కాదు. మిషను నడిచేదాకా రాయిని ఆడ పోసి పెట్టుకొన్నారు. మా కుప్ప మాకు లోకం సంగతి చెప్తాదనుకుంటిమి, అది మా ఓనరు సంగతి చెప్తాండె. మాకు ఇనపడలే.

మిషను పెట్టుకొన్నందుకు నాకు కోపం లేదు. ఎవురి వ్యాపారం వాళ్లది. మిషను వస్తాండాది, మీరు వేరే పని చూసుకోండి అని ముందే చెప్పింటే, పన్నెండు మందిమి కలిసి నిలబడి అడుగుదుము, మిషను కాడ పని మాకే ఇయ్యండి అని. మేం అట్ల అడగకూడదనే అమెరికాను పడగొట్టిరి.

వారం తిరక్కముందే ఆయప్ప హోటలుకు వచ్చె. బండి మారింది, చొక్కా మారింది. నన్ను చూసి మొహం దాయలే. "అక్కా, నువ్వు ఈడ ఉండావా" అని ఎప్పటి మాదిరే పలకరించె. ప్లేటులో ఉగ్గాని పెట్టి, పక్కన నిలబడి అడిగినా. నేను కొత్త మిల్లు చూసొచ్చినా అప్పా అన్నా. రోజూ కూర్చోబెట్టి అబద్ధం ఏంటికి సదివినావు, నన్ను అక్కా అంటివే అన్నా.

ఆయప్ప తింటానే ఉండె. తప్పు చేసినోని మాదిరి లేడు. చిన్నోళ్లకు పాఠం చెప్పినట్ల చెప్పె.

"నేను అబద్ధం ఒక్క ముక్క సదవలేదక్కా. పేపర్లో ఉండేదే సదివినా. అమెరికా దిగుతాండాదని రాసిండేది నిజమే. మన మిల్లు నడుస్తాండేదీ నిజమే. రెండూ ముడేసుకొనింది మీరు."

"ముడేసింది నువ్వప్పా" అన్నా. "మా చేతికి ఇచ్చినావు, మేం పట్టుకుంటిమి."

అప్పుడు తలెత్తి చూసె. "సరే, నాది తప్పే అనుకో. కాయితం సదివింది ఎవురక్కా?"

ఆయప్ప చెయ్యి కడుక్కొని, ఉగ్గాని బాగుండాదని చెప్పి పోయె.

ఆ సందకాడ పెట్టె తీసినా. కాయితం పరుచుకొని వేలు పెట్టి సదివినా. పొయ్యి మింద ఎసరు మరిగి ఇంకిపోయె, మళ్లా నీళ్లు పోసినా, ఇంగా సదువుతానే ఉంటి. దాంట్లో ఉండేది ఇంతే. మా ఇష్టంతోనే మేం పని మానుకుంటాండాం. మాకు రావాల్సింది అంతా ముట్టింది. ఇంగ ముందు ఈ మిల్లులో గానీ, ఈ ఓనరుకుండే ఏ మిల్లులో గానీ పని కావాలని మేం అడగం. మొదట పిలుస్తామనే మాట లేదు. అమెరికా అనే మాట యాడా లేదు. అటు తిప్పినా, ఇటు తిప్పినా. లేదు.

రెండు రోజులు ఎవురికీ చెప్పలే. మా ఇంటాయన, ఏంటికి తవ్వుకుంటావు, అయిపోయింది గదా అనె. చెప్పకపోతే ఎవురికీ తెల్దు, అది నిజమే. ఆ ఆడోళ్లు ఇంగా ఎదురు చూస్తాండారు. కుళాయి కాడ కలిస్తే అడుగుతారు నన్నే, ఏమ్మే, అమెరికా లేచిందా అని. నవ్వుతానే అడుగుతారు, ఐనా నా జవాబు కోసం నిలబడతారు. వాళ్లలో ఒకామె వేరే మిల్లులో పని వచ్చినా పోలే. మనల్ని మొదట పిలుస్తారు గదా, అప్పుడు లేకపోతే ఎట్ల అని ఆగింది. అది గుర్తొచ్చినాక ఇంగ ఉండలేకపోయినా.

ఆదివారం పెద్దమ్మ ఇంటి ముందర అందరినీ పిలిపించినా. కొత్త మిల్లు సంగతి, మిషను సంగతి చెప్పినా. గుమాస్తాను అందరూ తిట్టిరి. ఒకామె మట్టి ఎత్తి పోసె. వాని నోరు పడిపోనీ అని ఇంగొకామె అనె. అంతవరకు నేనూ వాళ్లతో కలిసి తిట్టినా. ఆడ ఆపేసింటే సరిపోయేది. ఆగలే. కాయితం తీసి, నేల మింద పరిచి, వేలు పెట్టి మొదటి నుంచి సదివినా. శానా సేపు పట్టె. అయిపోయినాక పెద్దమ్మ అడిగె.

"ఆ పొద్దు ఇంతసేపు సదవలేదే నువ్వు?"

"ఆ పొద్దు సదవలేదు పెద్దమ్మా. రెండో వరసలో ఆగిపోయినా. సిగ్గుపడి, సరిగ్గా ఉండాదని చెప్పినా."

గుమాస్తాను తిట్టిన మాదిరి నన్ను ఎవురూ తిట్టలే. తిట్టింటే బాగుండె. వేరే పనికి పోకండా ఆగినామె మెల్లిగా లేచి, కొంగు దులుపుకొని పోయె. ఆమె వెనకాలే ఇంగో ఇద్దరు పోయిరి. పెద్దమ్మ ఆ కాయితం మడిచి నా చేతిలో పెట్టి అనె.

"వాడు ఓనరు మనిషి. వాని పని వాడు చేసె. నువ్వు మా మనిషివి."

ఆ మాట చెవిలో నుంచి పోలే ఇప్పటికీ. గుమాస్తా నన్ను మోసం చేసినాడని నేను ఎంత కుమిలిపోయినానో, ఆ పదకొండు మంది నా గురించి అట్లనే కుమిలిపోతాంటారు. నన్ను అక్కా అని పిలిచి వాడు ఏం చేసెనో, వాళ్లను పెద్దమ్మా వదినా అని పిలిచి నేనూ అదే చేస్తి. వాడు సదివి మోసం చేసె, నేను సదవకండా చేస్తి.

తర్వాత ఆ కాయితం పట్టుకొని రాజంపేటలో ఒక వకీలు కాడికి పోతిమి, నేనూ పెద్దమ్మా ఇంగో నలుగురూ. ఆయన సదివి, మీరే ఇష్టపడి వేలిముద్ర వేసినారు గదమ్మా, ఇంగ కష్టం అనె. బస్సులో వచ్చేటప్పుడు నా పక్క సీటు ఖాళీగా ఉండె. వాళ్లు ముగ్గురు కూర్చొనే సీట్లో నలుగురు ఇరుక్కొని కూర్చొనిరి, నా పక్కకు రాలే. పెద్దమ్మ ముందర డ్రైవరు కాడ నిలబడుకొనే వచ్చె.

హోటల్లో ఇప్పటికీ పేపరు వస్తాది. అమెరికా దిగిపోయిందంటాడు ఒకాయన, లేదంటాడు ఇంగొకాయన. నన్ను కూడా అడుగుతారు ఒకోసారి, ఎగతాళికి, నువ్వేమంటావక్కా అని. నాకేం తెల్సు. దిగిపోతాండాదేమో, పెద్ద సదువులోళ్లు ఊరికే రాయరు గదా. కానీ ఒకటి అడుగుతా వాళ్లను. ఆ సంగతి నీకు ఎవురు చెప్పినారప్పా, చెప్పినోనికి దాంతో ఏం పని అని. నవ్వేసి పోతారు.

ఇది రాస్తాండానని పెద్దమ్మకు చెప్పల్లని పోయినా. శానా రోజులకు నాతో మాట్లాడె. గడప లోపలికి రమ్మనలే, బయటనే నిలబెట్టి మాట్లాడె. రాసుకో, మా పేర్లు వద్దు, నువ్వు చేసింది మాత్రం దాయొద్దు అనె. అంతే చెప్పి తలుపు దగ్గరికేసుకొనె. పూర్తిగా వెయ్యలే, ఓరగా వేసె. నేను కొంచెం సేపు ఆడ్నే నిలబడి వచ్చేస్తి.

దాయలేదు, ఉండేదంతా రాసినా. ఆ కాయితం కాడ నేను చేసిన దాన్ని మన్నించల్లా వద్దా అనేది ఆ పదకొండు మంది ఇష్టం, దాన్ని మిమ్మల్ని అడగను. ఈ రాతలో అక్షరాలు తప్పిపోయింటే, ముందూ వెనకా అయ్యింటే మాత్రం, మీ ఇంటి ఆడబిడ్డ రాసిందనుకొని మన్నించి సదువుకోండి.